ఉపకారమా, వేతనమా, వాటానా? : సముద్రవిద్యా ఫెలోషిప్పుల పరిభాష – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
సముద్రశాస్త్రాలలో, తీరప్రాంత ఉద్యోగాలలో ఇంతవరకు చోటు దక్కని వర్గాలను చేర్చుకోవడానికి వేతనంతో కూడిన ఫెలోషిప్పులు ఒక మార్గం. వాటి గురించి తెలుగులో మాట్లాడేటప్పుడు వాడే ఉపకారవేతనం, వృత్తి, భృతి, వైవిధ్యం అనే మాటల వెనుక ఉన్న సామాజిక సంబంధాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మత్స్యకారుల వాడుకలోని పాలు, వాటా అనే మాటలతో వాటిని పోల్చి చూస్తుంది. హైదరాబాదులోని నాంపల్లి, ఆబిడ్స్ ప్రాంతాల విద్యావాతావరణం ఈ పరిశీలనకు నేపథ్యం.

కీలక పదాలు: ఉపకారవేతనం, వృత్తి, వాటా, మత్స్యకారులు, ఇన్‌కాయిస్, నాంపల్లి, ప్రాతినిధ్యం.

సముద్రం లేని నగరం

నాంపల్లి నుంచి అన్నిటికన్నా దగ్గరి సముద్రతీరానికి వెళ్ళాలన్నా దాదాపు 300 కిలోమీటర్లు ప్రయాణించాలి. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కారులు, 1788లో గుంటూరు సర్కారు నిజాం చేతి నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్ళిపోయాక హైదరాబాదు రాజ్యానికి తీరమే లేకుండా పోయింది. ఏడవ నిజాం కాలంలో ఓడరేవు కోసం గోవా వైపు చూపు సారించినా ఆ ప్రయత్నం ఫలించలేదు. తెలంగాణ రాష్ట్రానికీ తీరం లేదు. నాంపల్లిలో చేప పేరు గట్టిగా వినిపించేది ఏటా మృగశిర కార్తెనాడు ఎగ్జిబిషన్ మైదానంలో చేపప్రసాదం పంచేటప్పుడే. అక్కడి కొర్రమీను కూడా చెరువు చేపే గానీ సముద్రపు చేప కాదు.

అయినా దేశంలో సముద్ర సమాచారానికి కేంద్రం ఈ నగరంలోనే ఉంది. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, 1999లో ఇక్కడ ఏర్పడింది. సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం 2007 నుంచి అక్కడే పనిచేస్తున్నది. ఉపగ్రహాలు పంపే సముద్రోపరితల ఉష్ణోగ్రతలను, నీటిలోని పచ్చదనాన్ని పరిశీలించి చేపలు దొరికే చోట్లను సూచించే సమాచారం ఇక్కడినుంచి తెలుగుతో సహా తీరప్రాంత భాషలలో వెలువడుతుంది. 1985లో ఏర్పడి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ పక్కన దశాబ్దాలపాటు నడిచిన తెలుగు విశ్వవిద్యాలయానికి బాచుపల్లిలో నూతన ప్రాంగణం ఏర్పడింది. ఇన్‌కాయిస్ ఉన్న ప్రగతినగర్ దానికి పొరుగే. తెలుగు భాషకు, తెలుగు సముద్రానికి చెందిన రెండు సంస్థలు ఒకే పొలిమేరకు చేరడం భూగోళపరంగా యాదృచ్ఛికం. ఒకదాని విద్యార్థి రెండోదానిలో జీతంతో పనిచేసే దారి ఉందా అనేది మాత్రం విధానానికి సంబంధించిన ప్రశ్న.

ఆదివారం ఆబిడ్స్ కాలిబాటలపై పరచిన పాత పుస్తకాల ముందు నిలబడే విద్యార్థులలో కోస్తా జిల్లాలనుంచి వచ్చినవారూ ఉంటారు. నాంపల్లిలోని పబ్లిక్ సర్వీస్ కమిషన్ కార్యాలయం రాష్ట్ర విభజనకు ముందు వారి ఆశలకూ చిరునామాయే. ఈ వీధులలో చదువు అంటే ఉద్యోగ పరీక్ష. ఉద్యోగం అంటే నెలజీతం. ఇల్లు గడవడానికి నెలనెలా డబ్బు కావలసినవాడికి, జీతం లేని శిక్షణ ఎంత గొప్పదైనా అందుబాటులో లేనిదే. ఫెలోషిప్పులపై చర్చ మొదలు కావలసింది ఇక్కడినుంచే.

ఉపకారం ప్లస్ వేతనం

స్కాలర్‌షిప్పుకు తెలుగులో స్థిరపడిన మాట ఉపకారవేతనం. ఇది వింత సమాసం. ఉపకారం చేసినవారికి కృతజ్ఞత చెప్పుకోవాలి. వేతనం ఇచ్చినవారికి కృతజ్ఞత అక్కరలేదు. పని చేసినందుకు అది హక్కుగా వస్తుంది. ఈ రెండు పరస్పర విరుద్ధ సంబంధాలను ఒకే మాటలో ముడివేయడం వలన పుచ్చుకునేవాడి స్థానం ఎప్పుడూ సందిగ్ధంలోనే ఉంటుంది. అతడు పరిశోధకుడా, సహాయం పొందుతున్న పేదవాడా? డబ్బు నెలల తరబడి ఆలస్యమైనప్పుడు ఈ సందిగ్ధతే పాలనా యంత్రాంగానికి ఊతమిస్తుంది. జీతం ఆగితే అది బకాయి. ఉపకారం ఆగితే ఓపిక పట్టమంటారు.

హిందీ ఇదే భావానికి ఛాత్రవృత్తి అంటుంది. వృత్తి అనే మాట తెలుగులో నడిచిన దారి మరింత ఆసక్తికరం. మధ్యయుగ శాసనాలలో అగ్రహారంలోని భూమిని విద్వాంసులకు పంచి ఇచ్చినప్పుడు ఒక్కొక్కరికి వచ్చిన భాగం పేరు వృత్తి. అంటే చదువుకునేవాడికి, చదువు చెప్పేవాడికి సమాజం కేటాయించిన వాటా. ఆధునిక తెలుగులో అదే మాట కులవృత్తి అనే సమాసంలోకి చేరి, తండ్రినుంచి కొడుక్కి వచ్చే చాకిరీకి పేరైంది. ఒకే మాట ఒకరికి జీతంతో కూడిన విద్య, మరొకరికి విద్య లేని శ్రమ.

సముద్రం విషయంలో ఈ విభజన ఇంకా పదునుగా కనిపిస్తుంది. ధర్మశాస్త్రాలు చెప్పిన కలివర్జ్యాలలో ద్విజుల సముద్రయానం ఒకటి. విద్యావృత్తి ఎవరికుందో వారికి సముద్రం నిషిద్ధం. సముద్రమే వృత్తి అయినవారికి విద్య నిషిద్ధం. వాడబలిజలు, జాలారులు, పల్లెకారులు, పట్టపువారు, అగ్నికులక్షత్రియులు తీరంపై తరతరాలుగా కూడబెట్టిన జ్ఞానం లిపికెక్కకపోవడానికి వారి అశ్రద్ధ కారణం కాదు. రాయగలిగినవాడు సముద్రంలోకి వెళ్ళలేదు, వెళ్ళినవాడి చేతికి రాత అందలేదు.

సాహిత్యంలో దీని జాడ స్పష్టం. భవసాగరం, సంసారసాగరం, కరుణాసముద్రుడు – సముద్రం తెలుగు కవికి ప్రధానంగా ఉపమానం. ఒడ్డున నిలబడి చూసినవాడి సముద్రమది. త్యాగరాజు నౌకాచరిత్రంలో ఓడ నడిచేది యమునలో, కృష్ణుడి లీల కోసం. దీనికి మినహాయింపుగా నిలిచే శ్రీనాథుడి హరవిలాసం కూడా వేరొక కారణంచేత ఇక్కడ ప్రస్తావనార్హం. ఆ కావ్యాన్ని అంకితం తీసుకున్న అవచి తిప్పయసెట్టి సముద్రవర్తకుడు. దీవులనుంచి సుగంధద్రవ్యాలు తెప్పించిన ధనికుడు. అంతకు ముందే 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వర్తకులకు అభయశాసనం వేయించాడు. సముద్రంమీద వచ్చిన డబ్బు కవిని పోషించింది. ఆ కావ్యపు అవతారికలో వర్తకుడి వంశానికి చోటు దక్కింది. ఓడ నడిపిన సరంగు పేరు మాత్రం ఎక్కడా లేదు. తెలుగులో సముద్రం డబ్బుతో నడిచిన తొలి సాహిత్య ఫెలోషిప్పు ఇదేనంటే కొంత అతిశయోక్తి కావచ్చు గానీ, ప్రయోజనం ఎవరికి చేరిందనే ప్రశ్నకు అది ఇప్పటికీ పనికివచ్చే ఉదాహరణ.

వైవిధ్యం అనే మాటతో ఇబ్బంది

ఇటీవలి విధానపత్రాలలో సముద్రరంగ ఫెలోషిప్పుల లక్ష్యంగా వైవిధ్యాన్ని చెబుతున్నారు. అమెరికాలో ఈ ఆలోచన కొంతకాలంగా ఆచరణలో ఉంది. సముద్రవిధానంలో ఏడాదిపాటు జీతంతో పనిచేయించే క్నాస్ ఫెలోషిప్పు 1979లో మొదలైంది. మహిళలను, అల్పసంఖ్యాక వర్గాలను సముద్రశాస్త్రాలవైపు ప్రోత్సహించే నాన్సీ ఫాస్టర్ స్కాలర్‌షిప్పు 2000లో ఏర్పడింది. అక్కడ వైవిధ్యం అనే మాటకు ఒక చట్టపరమైన, రాజకీయమైన చరిత్ర ఉంది. దాన్ని యథాతథంగా తెలుగులోకి దించుకున్నప్పుడు ఆ చరిత్ర వెంటరాదు. తెలుగులో వైవిధ్యం అంటే కవిత్వంలో వస్తువైవిధ్యం, అడవిలో జీవవైవిధ్యం. అది చూసి ఆనందించవలసిన గుణం. అన్యాయాన్ని సరిదిద్దే అర్థం ఆ మాటకు లేదు.

ఆ అర్థానికి తెలుగు సమాజం తయారుచేసుకున్న మాటలు వేరు: ప్రాతినిధ్యం, రిజర్వేషన్, అన్నిటికన్నా ముఖ్యంగా వాటా. దండోరా ఉద్యమం నుంచి తెలంగాణ ఉద్యమం వరకు వాటా అనే మాట మోసిన బరువు సామాన్యమైనది కాదు. గమనించదగిన విషయం ఏమిటంటే మత్స్యకారుడి పడవలోనూ ఈ మాటే ఉంది. వేటకు వెళ్ళివచ్చాక చేపల అమ్మకంలో వచ్చిన రాబడినుంచి డీజిలు, ఐసు ఖర్చులు తీసేసి, మిగిలినదాన్ని పడవకు ఇన్ని పాళ్ళు, వలకు ఇన్ని, మనుషులకు ఇన్ని అని పంచుకుంటారు. ఈ పంపకం సమానమైనది కాదు. పడవ యజమానికి ఎక్కువ పోతుంది, కొత్తగా ఎక్కిన కుర్రవాడికి చాలాచోట్ల తక్కువే వస్తుంది. దీన్ని ఆదర్శంగా చూపించడం రొమాంటిసిజం అవుతుంది. కానీ ఒక సంగతి కాదనలేనిది: ఆ కుర్రవాడు పని నేర్చుకుంటూనే పాలు పొందుతాడు. నేర్చుకునే కాలానికి విలువ కట్టే పద్ధతి తీరంలో ఎప్పటినుంచో ఉంది. దాన్ని కొత్తగా కనుగొన్నది విశ్వవిద్యాలయాలు కావు.

పాలు అందనివారూ తీరంలో ఉన్నారు. చేపలు ఎండబెట్టే, గంపలకెత్తి ఊరూరా అమ్మే స్త్రీలు పడవ లెక్కలోకి రారు. సముద్రరంగంలో స్త్రీల సంఖ్య పెరగాలనే విధానాలు ప్రయోగశాలలో శాస్త్రవేత్తలను, ఓడమీద అధికారులను లెక్కిస్తాయి. ఒడ్డున కూర్చున్నవారిని లెక్కించవు. ఈ లోపం వైవిధ్యం అనే మాటలోనే ఉన్నది. అది ఇప్పటికే ఉన్న గదిలోకి కొత్తవారిని పిలుస్తుంది. గది బయట జరుగుతున్నదీ సముద్రవృత్తే అని గుర్తించదు.

రెండు పరీక్షలు, రెండు తలుపులు

ఇక అంకెల విషయం. 2023 జనవరి నుంచి జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్పు నెలకు 37,000 రూపాయలు. ఇది గౌరవప్రదమైన మొత్తమే. అదే తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధకాలానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మత్స్యకార కుటుంబానికి ఇచ్చే మొత్తం 2019లో 10,000 రూపాయలు. 2025లో అది 20,000 రూపాయలైంది. అంటే రోజుకు 330 రూపాయల లోపు, అదీ కుటుంబం మొత్తానికి. సముద్రాన్ని చదివేవాడికి ఇచ్చేది ఫెలోషిప్పు, సముద్రానికి విశ్రాంతినిచ్చేవాడికి ఇచ్చేది భృతి. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట మానడం కూడా సముద్రసంరక్షణలో భాగమే. ఆ పనిని పనిగా గుర్తించే మాట ప్రభుత్వ పరిభాషలో లేదు. పథకానికి ఒకసారి భరోసా అని, మరోసారి సేవ అని పేరు. రెండూ ఉపకారం వైపు మొగ్గే మాటలే.

ఆ కుటుంబంలోని అమ్మాయి 37,000 రూపాయల ఫెలోషిప్పు వరకు చేరాలంటే ఏం కావాలి? సముద్రశాస్త్రంలో జె.ఆర్.ఎఫ్. కోసం సి.ఎస్.ఐ.ఆర్. నెట్ రాయాలి. ప్రశ్నపత్రం ఇంగ్లీషులో, హిందీలో ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి ఆటుపోట్లు అనుభవంలో తెలుసు. పరీక్షలో వాటిని పరాయి మాటల్లో గుర్తుపట్టాలి. తెలుగు సబ్జెక్టులో యు.జి.సి. నెట్ రాస్తే ప్రశ్నలు తెలుగులోనే ఉంటాయి గానీ అందులో సముద్రం ఉపమానంగా తప్ప ఎదురుకాదు. ఒక తలుపు తెరిస్తే భాష లేదు, ఇంకో తలుపు తెరిస్తే సముద్రం లేదు.

రిజర్వేషన్ల విషయంలోనూ ఇటువంటి మెలికే ఉంది. తీరప్రాంత మత్స్యకార కులాలు ఆంధ్రప్రదేశ్‌లో బి.సి. ‘ఏ’ వర్గంలోనివి. నాంపల్లిలో రాష్ట్ర ఉద్యోగాల భర్తీ జరిగినప్పుడు ఆ ‘ఏ’ అనే అక్షరానికి విలువ ఉంది. కేంద్ర జాబితాలో ఓబీసీ అంతా ఒకే మూట. రోహిణి కమిషన్ 2017లో ఏర్పడి 2023లో నివేదిక సమర్పించినా వర్గీకరణ అమలులోకి రాలేదు. ఓబీసీ పరిశోధకులకు 2014–15 నుంచి జాతీయ ఫెలోషిప్పు ఉన్నమాట నిజం. దానికోసం పోటీ పడేవారిలో తరతరాల భూమి ఉన్న కులాలూ ఉన్నాయి. కేంద్ర సముద్ర మత్స్యపరిశోధనా సంస్థ 2010 గణన ప్రకారం ఆంధ్రతీరంలో 555 మత్స్యకార గ్రామాలు, 6 లక్షల పైచిలుకు జనాభా ఉన్నారు. ఇంత స్పష్టంగా లెక్కించి, ఊరూరా గుర్తించిన సముదాయం ఫెలోషిప్పు దరఖాస్తులో మాత్రం ఒక పెద్ద వర్గంలో కరిగిపోతుంది.

నెట్ దాటనివారి సంగతి వేరు. కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో నెట్ లేని పిహెచ్.డి. విద్యార్థులకు నెలకు 8,000 రూపాయలు ఇచ్చే పద్ధతిని ఆపాలన్న నిర్ణయంపై 2015లో దేశవ్యాప్తంగా నిరసన జరిగింది. ఆ 8,000 కూడా రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు వర్తించదు. తెలుగులో పరిశోధన చేసేవారిలో ఎక్కువమంది ఉన్నది రాష్ట్ర విశ్వవిద్యాలయాలలోనే.

జీతం ముందు వచ్చినప్పుడు ఏం జరుగుతుందో చూపే ఉదాహరణలు లేకపోలేదు. 1983లో అంటార్కిటికా యాత్రలో పాల్గొన్న తొలి భారతీయ మహిళలలో ఒకరైన అదితి పంత్ హవాయి విశ్వవిద్యాలయంలో సముద్రశాస్త్రం చదవగలిగింది అమెరికా ప్రభుత్వ స్కాలర్‌షిప్పుతో. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్రశాస్త్ర అధ్యయనానికి 1950ల తొలినాళ్ళలో ఊపునిచ్చిన యూజీన్ లాఫాండ్ వాల్తేరుకు వచ్చింది ఫుల్‌బ్రైట్ ఆచార్యుడిగా. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే వరకు తారిణి నౌకలో భూమిని చుట్టివచ్చిన ఆరుగురు నావికాదళ అధికారిణులలో హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖపట్నానికి చెందిన స్వాతి పాతర్లపల్లి ఉన్నారు. వారు వచ్చిన దారిలో శిక్షణ కూడా కొలువులో భాగమే. సాహసాన్ని పొగిడే వ్యాసాలు ఈ మామూలు సంగతిని వదిలేస్తాయి.

ఒక మలయాళ పదం, కొన్ని తెలుగు పదాలు

గాలి లేకుండా, తుపాను లేకుండా దూరసముద్రంనుంచి వచ్చి తీరాన్ని ముంచే అలలను కేరళ మత్స్యకారులు కల్లక్కడల్ అంటారు. దొంగలా వచ్చే కడలి అని భావం. 2012లో యునెస్కో ఈ పదాన్ని శాస్త్రీయ వ్యవహారానికి ఆమోదించింది. ఇన్‌కాయిస్ ఇప్పుడు ఇదే పేరుతో హెచ్చరికలు ఇస్తున్నది. జాలరి నోటిమాట ప్రపంచ శాస్త్రపరిభాషలోకి వెళ్ళింది. ఇది భావుకతకు సంబంధించిన విజయం కాదు. ఆ మాట విన్నవారు, అది ఏ దృగ్విషయాన్ని సూచిస్తున్నదో కొలిచి చూసినవారు, దాన్ని వ్యాసంగా రాసినవారు జీతం మీద ఆ పని చేశారు కనుకనే జరిగింది.

తెలుగుకు ఇటువంటి సంపద తక్కువేమీ కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినదానికి తెలుగులో అప్పటికే ఉప్పెన అనే మాట ఉంది. అది తుపానుకు పర్యాయపదం కాదని తీరంలో అందరికీ తెలుసు. పోటు, పాటు అనే జంటలో నీరు ఎక్కడం, తీయడం అనే రెండు కదలికలు వేరువేరు మాటలుగా ఉన్నాయి. పట్నం తెలుగులో ఆటుపోట్లు అనేది కష్టసుఖాలకు ఉపమానంగా మాత్రమే మిగిలింది. తెప్ప, అలివి వల, మరపడవ, సరంగు, కళాసీ – ఇవన్నీ ఒక పనికి, ఒక సంబంధానికి కట్టుబడిన మాటలు.

వృత్తిపదాలను సేకరించే సంప్రదాయమూ తెలుగులో బలమైనదే. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశాన్ని వ్యవసాయపదాలతో 1962లో, చేనేతపదాలతో 1971లో వెలువరించింది. ఊళ్ళు తిరిగి, పని చేసేవారిని అడిగి రాసుకున్న పదాలవి. తరవాత అకాడమీ తెలుగు విశ్వవిద్యాలయంలో కలిసింది. శ్రీశైలం, రాజమహేంద్రవరం, వరంగల్, కూచిపూడి పీఠాలు ఏర్పడ్డాయి. చరిత్రకు, సాహిత్యానికి, జానపద గిరిజన విజ్ఞానానికి, నాట్యానికి ఇల్లు దొరికింది. తీరవృత్తుల అధ్యయనానికి అటువంటి పీఠం ఏర్పడలేదు.

ఈ రెండు దారులనూ కలిపే ఫెలోషిప్పు ఒకటి ఊహించడం కష్టమేమీ కాదు. ఇన్‌కాయిస్ వంటి సంస్థకు తెలుగులో వెలువడే హెచ్చరికలను తీరం భాషలో సరిచూసే మనిషి అవసరం. బారువ దగ్గర వాడే మాట నిజాంపట్నంలో అర్థమవుతుందా, గాలి దిక్కులను మత్స్యకారులు ఏ పేర్లతో పిలుస్తారు, ‘వేటకు వెళ్ళరాదు’ అన్న వాక్యంలోని నిషేధపు తీవ్రత ఏ క్రియారూపంతో బాగా చేరుతుంది – ఇవి భాషాశాస్త్ర ప్రశ్నలు, అదే సమయంలో ప్రాణాలకు సంబంధించినవి. వీటికి జవాబు చెప్పగలిగిన అభ్యర్థి సముద్రశాస్త్రంలో ఎం.ఎస్‌సి. చేసినవారే కానక్కరలేదు. తెలుగులో ఎం.ఏ. చేసిన జాలారి అమ్మాయి కావచ్చు. ఆమె ఎంపికకు మౌఖికపరీక్ష తెలుగులో జరగాలి. ఆమె తెచ్చిన పదం హెచ్చరికలోకి ఎక్కితే పక్కన ఆమె పేరూ ఆ పదం చెప్పినవారి ఊరూ ఉండాలి. ఆమెకు ఇచ్చే డబ్బు నియామకపత్రంలో జీతం అనే పేరుతోనే నమోదు కావాలి. మూడేళ్ళు గడిచాక ఆ పని ఏ హోదాలో కొనసాగుతుందో కూడా ప్రకటనలోనే రాయాలి. ఎందుకంటే ఫెలోషిప్పు ముగిసినరోజున తిరిగి ఆబిడ్స్ కాలిబాటపై పోటీపరీక్షల పుస్తకాలు వెతుక్కోవలసివస్తే, ఆమె సేకరించిన పదాలు సంస్థ దగ్గర ఉంటాయి గానీ ఆమె ఉండదు.